ట్రైలర్‌లో వెనక సోఫా: కూర్చుంటే నడుం పోతోంది, కింద సామాను తీయాలంటే అందరూ లేవాలి

చక్రాలఇల్లు (డల్లాస్ దగ్గర) – మార్చి 3

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. పోయినేడు 24 అడుగుల ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. గోడ బయటికి జరిగి చోటు పెంచే స్లయిడ్ లేదు. ముందు మంచం, మధ్యలో వంటగట్టు, దానికెదురుగా డైనెట్ (తినే బల్ల, బెంచీలు), వెనక గోడకి కిటికీ కింద సోఫా. గొడవంతా ఈ సోఫాతోనే.

జాక్‌నైఫ్ సోఫా అంటారు కదా, సీటు ముందుకి లాగితే వీపు వెనక్కి పడి మంచమయ్యే రకం. సీటు కొలిస్తే 15 అంగుళాల ఎత్తు. మనిషి కూర్చుంటే 13కి దిగిపోతోంది. తొడల కింద ఇనప కడ్డీ తెలుస్తూనే ఉంటుంది. పైన తోలు లాంటి గుడ్డ పెచ్చులూడుతోంది, మావాడు దాని మీద దొర్లి లేస్తే ఒళ్లంతా నల్లటి పొట్టు.

కింద చోటుంది. కానీ ఏం లాభం? ఒకరు సీటు ఎత్తి పట్టుకోవాలి, ఇంకొకరు లోపలికి తల దూర్చాలి. అక్టోబర్‌లో ఆర్కాన్సాస్ వెళ్లినప్పుడు కుక్కర్ కోసం నేను తల దూరిస్తే, సీటు పట్టుకున్న మా ఆవిడకి అప్పుడే తుమ్మొచ్చింది. మిగతాది మీరే ఊహించుకోండి.

మేలో తెనాలి నుంచి అమ్మానాన్న వస్తున్నారు. నాన్నకి మోకాలి ఆపరేషన్ అయింది. జూన్‌లో ఎల్లోస్టోన్ పార్కుకి తీసుకెళ్తానని మాటిచ్చేశాను. ఆయన ఈ సోఫాలో కూర్చుంటే లేవలేరు. ఎవరైనా మార్పించుకున్నారా? నాకు వడ్రంగం రాదు, డ్రిల్ మాత్రం ఉంది.

ఫ్రిస్కోబావ – మార్చి 3

పీకి పారేసి రెండు రిక్లైనర్లు వేసెయ్ బ్రో. ఒక్క శనివారం పని.

చక్రాలఇల్లు – మార్చి 3

చూశాను బ్రో. కూర్చోడానికి బాగానే ఉంటాయి, కింద చోటు మాత్రం సున్నా. పైగా మావాడు పడుకునేది అక్కడే.

గోదారిగట్టు (న్యూజెర్సీ) – మార్చి 4

అయ్యా, సోఫా ఏదైనా సరే, కొనేముందు తలుపు కొలవండి. నేను చేసిన పని చెప్తా, నవ్వుకోండి. ఇంట్లో వేసుకునే రెండు సీట్ల సోఫా సేల్‌లో వచ్చిందని తెచ్చేశాను. మా ట్రైలర్ తలుపు 26 అంగుళాలు, సోఫా లోతు 34. నిలబెట్టి చూశాం, పడుకోబెట్టి చూశాం, కాళ్లు ఊడదీసి చూశాం. తలుపు దాటితే ఎదురుగా వంటగట్టు, అక్కడ తిరగదు. చివరికి పక్క సైటు పెద్దాయన వచ్చి కిటికీ విప్పమని సలహా ఇచ్చాడు. విప్పలేదులెండి. ఆ సోఫా ఇప్పుడు మా గరాజ్‌లో ఉంది, దాని మీద నేనే కూర్చుంటాను.

ట్రైలర్ల కోసం చేసే సోఫాలకి వీపు విడిగా ఊడొస్తుంది. ఎందుకో నాకు ఆ రోజు అర్థమైంది.

వడ్రంగిమనవడు (శాన్ ఆంటోనియో) – మార్చి 4

చక్రాలఇల్లు గారూ, వడ్రంగం రాదని భయపడకండి. మీకు కావలసింది సోఫా కాదు, పెట్టె. మా తాతగారు అమలాపురంలో దివాన్లు చేసేవారు. ఆయన మొదట కర్ర ముట్టుకునేవారు కాదు, కూర్చునే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి మోకాలి వెనక మడత నుంచి నేల దాకా కొలిచేవారు. మీరూ అదే చెయ్యండి. వీడియో కాల్‌లో అమ్మగారి చేత నాన్నగారికి కొలిపించండి.

మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకి సీటు మోకాలికంటే కొంచెం ఎత్తులో ఉంటే లేవడం తేలిక. నా లెక్క ఇది: పెట్టె మూతతో కలిపి 15 అంగుళాలు, పైన 5 అంగుళాల గట్టి ఫోమ్. కూర్చుంటే ఒక అంగుళం దిగి 19 దగ్గర ఆగుతుంది.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. మనిషి లేచేటప్పుడు మడమలు వెనక్కి లాక్కుని లేస్తాడు. సీటు కింద పలక నిలువుగా నేలదాకా ఉంటే మడమలు దానికి తగిలి ఆగిపోతాయి, అప్పుడు చేతులతో తోసుకుని లేవాలి. అందుకని పెట్టె అడుగున 3 అంగుళాల ఎత్తు, 3 అంగుళాల లోతు ఖాళీ వదలండి. మన వంటగట్ల కింద ఉంటుంది చూడండి, అలాగ.

లోతు 26 అంగుళాలు పెట్టండి. కూర్చోడానికి అది ఎక్కువే, మామూలుగా 20 చాలు. మిగిలిన 6 వీపు దిండు తింటుంది. ఆ దిండు అడుగున 6, పైన 3 అంగుళాల మందం ఉండేలా కోయించండి. 18 అంగుళాల ఎత్తు దిండుకి దాదాపు 10 డిగ్రీల వాలొస్తుంది. ట్రైలర్లలో నడుం నొప్పికి సగం కారణం సీటు కాదు, నిటారుగా ఉండే గోడ. రాత్రి దిండు తీసేస్తే బాబుకి 26 అంగుళాల వెడల్పు పక్క.

ఇక స్టోరేజ్. పైమూత మీద ఆధారపడొద్దు. ముందునుంచి రెండు డ్రాయర్లు పెట్టండి, మనుషులు కూర్చునే ఉంటారు, సామాను వస్తుంది. డ్రాయర్ జరగడానికి పక్కన వేసే పట్టాలు, స్లయిడ్లు అంటారు, 20 అంగుళాల పొడవు, 100 పౌండ్లు మోసేవి దొరుకుతాయి. ఒక్కో స్లయిడ్ మందం అర అంగుళం కాబట్టి డ్రాయర్ పెట్టె, ద్వారం కన్నా సరిగ్గా ఒక అంగుళం తక్కువ వెడల్పు ఉండాలి. ఇక్కడ నూలువాసి తేడా వచ్చినా డ్రాయర్ పట్టేస్తుంది. డ్రాయర్ల వెనక నాలుగైదు అంగుళాలు మిగులుతాయి, మడత కుర్చీల్లాంటివి అక్కడ నిలబెట్టి, ఆ భాగానికి మాత్రం మూత ఎత్తండి. రోజూ కావలసినవి కాదు కదా.

పలకలు షాపులోనే మీ కొలతలకి కోసిస్తారు. మీకు రంపం కూడా అక్కర్లేదు.

మియాపూర్‌మనిషి (హైదరాబాద్) – మార్చి 4

మేం ఇక్కడ టెంపో ట్రావెలర్‌ని లోపల మార్పించుకున్నాం. మొదట వడ్రంగి మన ఇళ్లలో దివాన్ కాట్ లాగే చేశాడు, పరుపు తీసి పలక ఎత్తడం. రెండు ట్రిప్పుల్లోనే విసుగొచ్చింది. అరకు వెళ్లేటప్పుడు పరుపు మీద ముగ్గురు నిద్రపోతుంటే వాళ్ల కింద మా అల్లుడి చెప్పులు. ఆయన వట్టికాళ్లతోనే కాఫీకి దిగాడు. తర్వాత ముందు పలక కోయించి తలుపులు పెట్టించాం. మనవడు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్.

పలనాటిఅమ్మాయి (డెన్వర్) – మార్చి 5

డ్రాయర్లు పెట్టండి కానీ లాచ్ లేకుండా మాత్రం వద్దండి. మాది కూడా సోఫా కింద డ్రాయరే. కొండ దారిలో ఒక మలుపులో అది తెరుచుకుంది. అందులో ఆవకాయ జాడీ. అత్తయ్యగారు గుంటూరు నుంచి సూట్‌కేసులో మూడు కవర్లు చుట్టి తెచ్చింది, సముద్రాలు దాటొచ్చింది, మా డ్రాయర్ దాటలేకపోయింది. నూనె కార్పెట్‌లోకి ఇంకిపోయింది. ఇప్పటికీ ఎండ కాస్తే ట్రైలర్ అంతా ఆవకాయ వాసనే. బటన్ నొక్కితే తెరుచుకునే లాచ్‌లు వేసుకోండి, అయస్కాంతాలు ఆగవు.

ఇంకోటి, పాత సోఫా తీశాక కింద ఏముందో చూడండి. మాకు అక్కడ ఫర్నేస్ గాలి లోపలికి లాక్కునే జాలీ ఉంది. మాకది తెలియక దాని ముందు దుప్పట్ల సంచులు కుక్కేశాం. రాత్రి బయట గడ్డకట్టే చలి. ఫర్నేస్ కాసేపు వేడిగాలి, కాసేపు చల్లగాలి. గాలి అందక లోపల వేడెక్కిపోతే మంట దానంతటదే ఆరిపోతుంది, ఫ్యాన్ మాత్రం తిరుగుతుంది. చల్లబడ్డాక మళ్లీ వెలుగుతుంది. ఫర్నేస్ పోయిందనుకుని మర్నాడు మెకానిక్‌ని పిలిస్తే ఆయన సంచి తీసి పక్కన పెట్టి డబ్బులు తీసుకుని వెళ్లాడు.

అలాగే ప్రొపేన్ అలారం. ఆ గ్యాస్ గాలికన్నా బరువు, నేలకి దిగుతుంది కాబట్టి అలారం కిందే బిగిస్తారు, చాలా ట్రైలర్లలో సోఫా ముందు పలక మీదే. కొత్త పలక వేస్తే దాన్ని లోపల మూసేయకుండా బయటికి మార్చండి.

లెక్కలమాస్టారు (ఓహాయో) – మార్చి 5

అందరూ బాగా చెప్పారు. ఒక్కటి వదిలేశారు. ఆయన సోఫా వెనక గోడకి ఉంది. ఆ డ్రాయర్లు నిండాయంటే బరువంతా ఇరుసు వెనక పడుతుంది.

ఊయల బల్ల అనుకోండి. హిచ్ (ట్రైలర్‌ని బండికి తగిలించే చోటు) నుంచి ఇరుసుకి 15 అడుగులు, ఇరుసు నుంచి మీ సోఫాకి 8 అడుగులు అనుకుందాం. సోఫాలో 100 పౌండ్లు పెడితే ముందు హిచ్ మీద 100 × 8 ÷ 15, అంటే 53 పౌండ్లు తగ్గుతుంది. సామానుతో మీ ట్రైలర్ 5,400 పౌండ్లు, హిచ్ మీద 600 ఉంటే అది 11 శాతం. సోఫాలో వంద పెట్టగానే 5,500కి 547, అంటే 10 శాతం కన్నా కిందికి వచ్చేశారు. ట్రావెల్ ట్రైలర్‌కి 10 నుంచి 15 శాతం మధ్య ఉండాలి. అంతకన్నా తగ్గితే హైవే మీద లారీ పక్కనుంచి పోగానే తోక ఊపుతుంది.

వంద పౌండ్లు ఎక్కడిదంటారా? 20 పౌండ్ల సోనామసూరి బస్తా, గ్రైండర్, కుక్కర్, ఇనప పెనం, రెండు కేసుల నీళ్ల సీసాలు. మన సంసారం తూచి చూసుకోండి. నీళ్లు ఒక్క గ్యాలన్ ఎనిమిది పౌండ్ల పైనే.

కాబట్టి సోఫా కింద చోటు ఎంత పెద్దదైనా అందులో దుప్పట్లు, బట్టలు, గిన్నెలు. బియ్యం, నీళ్లు ముందు. తలుపు దగ్గర పసుపు స్టిక్కర్ మీద ఎంత సామాను వేయొచ్చో రాసి ఉంటుంది, అదీ చూడండి. లారీలు తూచే కాటా హైవే పక్క ట్రక్ స్టాపుల్లో ఉంటుంది, ఒకసారి ఎక్కించి దించండి.

ఫ్రిస్కోబావ – మార్చి 5

మాస్టారూ, సోఫా అడిగితే ఫిజిక్స్ క్లాస్ చెప్పారు 😄

లెక్కలమాస్టారు – మార్చి 5

తోక ఊపినప్పుడు నీకే గుర్తొస్తాను నాయనా.

గోదారిగట్టు – మార్చి 6

డ్రాయర్లంటే ఖర్చు కదా, మూతకే గ్యాస్ స్ట్రట్‌లు పెడితే పోదా? కారు డిక్కీలాగ దానంతటదే లేస్తుంది. పది నిమిషాల పని.

వడ్రంగిమనవడు – మార్చి 6

పెట్టొచ్చు. కానీ స్ట్రట్ మూత బరువు మోస్తుంది, మూత మీది మనుషుల్ని లేపదు కదండీ. ఆయన ప్రశ్నే అది.

పెడితే లెక్కేసి పెట్టండి. 60 అంగుళాల పొడవు, 26 వెడల్పు అంటే 11 చదరపు అడుగులకి కాస్త తక్కువ. అర అంగుళం ప్లైవుడ్ దాదాపు 16 పౌండ్లు, 5 అంగుళాల మంచి ఫోమ్ ఇంకో 11. మొత్తం 27. నేను మొదటిసారి తెలివిగా 100 పౌండ్లవి రెండు కొన్నాను. మూత మూయాలంటే దాని మీద కూర్చోవాల్సి వచ్చింది. నేను లేస్తే అదీ నాతోపాటు లేచేది. వారంలో పలక వంకర తిరిగింది. ఆ మూతనే రెండు ముక్కలు చేస్తే ఒక్కోటి 14 పౌండ్లు. దానికి స్ట్రట్ ఎందుకు, చెయ్యి చాలు. ఎత్తాక ఆగడానికి ఒక పట్టీ వేసుకుంటే సరి.

గోదారిగట్టు – మార్చి 6

నేను మాత్రం స్ట్రట్‌లే పెడతా. మీరూ మీ పట్టీలూ.

కుట్టుమిషన్‌అక్క (హూస్టన్) – మార్చి 7

ఫోమ్ సంగతి నేను చెప్తాను, కవర్లు కుట్టడమే నా పని.

షాపులో రెండు అంకెలు చెప్తారు, కలిపేసుకోకండి. డెన్సిటీ అంటే ఒక ఘనపుటడుగు ఫోమ్ ఎన్ని పౌండ్లు తూగుతుందని. అది ఎన్నాళ్లు మన్నుతుందో చెప్తుంది. రెండోది ఐఎల్‌డీ, ఎంత గట్టిగా ఉంటుందో చెప్తుంది. సీటుకి డెన్సిటీ 2.5, ఐఎల్‌డీ 35 అడగండి. వీపుకి అంత గట్టిది వద్దు, ఐఎల్‌డీ 20 చుట్టూ చాలు. డెన్సిటీ తక్కువైతే కొన్నరోజు గట్టిగానే ఉంటుంది, ఏడాది తిరిగేసరికి అందులో గుంట. మీ పాత సోఫా చీల్చి చూడండి, అదే ఉంటుంది.

నేనైతే 5 అంగుళాలూ ఒకటే ముక్క తీసుకోను. అడుగున 4 గట్టిది, పైన ఒక అంగుళం మెత్తది అంటిస్తాను. చుట్టూ డాక్రాన్ దూది పొర. ఫోమ్‌ని కవర్ కన్నా అర అంగుళం పెద్దగా కోయాలి, అప్పుడే ముడతలు లేకుండా బిగుతుగా ఉంటుంది. కోయడానికి థాంక్స్‌గివింగ్‌కి టర్కీ కోసే కరెంటు కత్తి ఉంటుందే, అది వెన్నలాగా కోస్తుంది. మన ఇళ్లలో ఉండదు, పొరుగింటివాళ్లని అడగండి.

గుడ్డ మాత్రం ఆ పెచ్చులూడే నకిలీ తోలు మళ్లీ వేయించొద్దు. మందపాటి నేతగుడ్డ, వెనకవైపు జిప్. ట్రైలర్‌లో తినేది సోఫా మీదే, పసుపు మరక ఖాయం, ఊడదీసి ఉతుక్కునేట్టు ఉండాలి. లేత రంగు జోలికి పోకండి.

మూత పలకకి అంగుళం వెడల్పు చిల్లులు పెట్టించండి, అరచేయంత ఎడంలో. రాత్రి మనిషి ఒంటి వేడి, కింద చల్లటి పలక, మధ్యలో చెమ్మ. పొద్దున దిండు ఎత్తి చూస్తే తడి. వెనక గోడకి ఆనుకున్న సోఫాకి ఇంకా ఎక్కువ. మా అమ్మ పరుపు కింద కొబ్బరి పీచు చాప పరిచేది, దాని గుణం నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది.

చక్రాలఇల్లు – మార్చి 8

అందరికీ చాలా చాలా థాంక్స్. నాన్న కొలత వచ్చింది, నేల నుంచి మోకాలి మడతకి 18 అంగుళాలు. అమ్మకి 15. ఇప్పుడేం చెయ్యాలి? ఆయనకి సరిపోతే ఆమె కాళ్లు వేలాడతాయి.

వడ్రంగిమనవడు – మార్చి 8

నాన్నగారికి చెయ్యండి. అమ్మగారికి పీట.

చక్రాలఇల్లు – మార్చి 23

పాత సోఫా పీకేశాను. రెండు రోజులు పట్టింది. తలుపులోంచి వెళ్లాలంటే వీపు విడదీయాలి, ఆ నట్లు తుప్పు పట్టి ఉన్నాయి. తూకం మెషీన్ మీద ముక్కలుగా తూస్తే 112 పౌండ్లు!

దాని కింద ఒక బొమ్మ కారు, రెండు చాప్‌స్టిక్స్, పాత ఓనర్ల పెళ్లి ఫొటో. ఫొటో వాళ్లకి పోస్ట్ చేశాను. జాలీ ఏమీ లేదు, వేడిగాలి గొట్టం ఒకటి మాత్రం ఎడమ మూల నుంచి వస్తోంది. పలనాటి చెల్లెమ్మ చెప్పకపోతే డ్రాయర్ దాన్ని నలిపేసేది. ఎడమ డ్రాయర్ 4 అంగుళాలు సన్నగా చేస్తున్నాను.

నేలకి ఎంత పొడవు స్క్రూలు వేయాలి?

గోదారిగట్టు – మార్చి 23

ఆగండాగండి. ఇందులో నేను డాక్టరేట్ చేశాను. నేల ప్లైవుడ్ ముప్పావు అంగుళం కూడా ఉండకపోవచ్చు. దాని కింద వైర్లు, గొట్టాలు, నీళ్ల ట్యాంకు. నేను 3 అంగుళాల స్క్రూ దించాను. గట్టిగా పట్టిందని సంతోషపడ్డాను. మర్నాడు ట్రైలర్ కింద చుక్క... చుక్క... ట్యాంకులోకి దిగింది. ప్లాస్టిక్ అతికే కిట్‌తో రెండు వారాంతాలు పోయాయి.

పాత సోఫా బొక్కలు ఎక్కడున్నాయో వీలైతే అక్కడే వేయండి. డ్రిల్ బిట్‌కి టేప్ చుట్టి గుర్తు పెట్టుకోండి, అంతకు మించి దించొద్దు. ముందు ట్రైలర్ కిందికి దూరి చూడండి, బద్ధకించకండి.

వడ్రంగిమనవడు – మార్చి 24

వెనక గోడలో కర్ర ఎక్కడుందో వెతికి అక్కడ కూడా రెండు వేయండి. బ్రేక్ కొడితే ఈ పెట్టె ముందుకి రావాలని చూస్తుంది, నేల స్క్రూలే మొత్తం ఆపాలంటే కష్టం.

చక్రాలఇల్లు – ఏప్రిల్ 20

అయిపోయింది. 640 డాలర్లు, అందులో సగం ఫోమూ గుడ్డా. పెట్టె, డ్రాయర్లు, దిండ్లు అన్నీ కలిపి 96 పౌండ్లు, పాతదానికన్నా తక్కువే. కుడి డ్రాయర్ మొదటిసారి కదలకుండా పట్టేసింది, ఉండాల్సినదానికన్నా పావు అంగుళం వెడల్పుగా చేశాను. మనవడు గారూ, మీరు చెప్పారు, నేను వినలేదు. పక్క పలక ఊడదీసి మళ్లీ చేశాను.

మాస్టారి మాట విని కాటా ఎక్కించాను. బియ్యం, నీళ్లు ముందు పెడితే మొత్తం 5,450, హిచ్ మీద 590. 10.8 శాతం అండీ!

లెక్కలమాస్టారు – ఏప్రిల్ 20

పాస్. నీళ్ల ట్యాంకు నింపాక ఇంకోసారి తూచండి. ట్యాంకు ఇరుసుకి ముందుందో వెనకుందో దాన్నిబట్టి లెక్క మారుతుంది.

చక్రాలఇల్లు – జులై 6

ఎల్లోస్టోన్ వెళ్లొచ్చాం. నాన్న ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచారు, మొదటిరోజు నుంచీ. మడమల కోసం వదిలిన ఆ 3 అంగుళాల ఖాళీ లేకపోతే కష్టమయ్యేదని ఆయనే అన్నారు, నేను చెప్పకుండానే. అమ్మ తన పీట తెనాలి నుంచే తెచ్చుకుంది, ఇక్కడ కొన్నదాని మీద నమ్మకం లేక.

ఒక్కటే తేడా కొట్టింది. నాన్న రోజంతా కుడివైపు కిటికీ పక్కన, కాళ్లు చాపుకుని, పక్కన అమ్మ పీట మీద కాళ్లు పెట్టుకుని. కుక్కర్ కుడి డ్రాయర్‌లో. మళ్లీ ఇద్దరూ లేస్తే గానీ పప్పు ఉడకదు. రెండో రోజు కుక్కర్‌ని ఎడమ డ్రాయర్‌కి మార్చాం, గొట్టం కోసం సన్నగా చేశాను కదా, మూత విడిగా పెడితేనే పట్టింది.

పలనాటిఅమ్మాయి – జులై 6

లాచ్‌లు ఆగాయా అన్నా? మా ఆయన కొత్తవి కొనాలంటున్నారు, ఎంత మందం పలకకి వచ్చేవి తీసుకున్నారు?

చక్రాలఇల్లు – జులై 7

ఆగాయి చెల్లెమ్మా, వ్యోమింగ్ గాలిలో కూడా. నా పలక ముప్పావు అంగుళం. కొనేముందు ప్యాకెట్ మీద మందం చూసుకోండి, సన్న పలకలకి వేరే సైజు ఉంది, నేను ఒకసారి తిరిగిచ్చొచ్చాను. ఆవకాయ మాత్రం మేం సింక్‌లో పెట్టి తీసుకెళ్లాం.